అమ్మమ్మ పట్టగొలుసులు, నా శ్రీమంతం గాజులు

అమ్మమ్మ పోయాక మా అమ్మ వాటాకు ఒక ఇత్తడి బిందె, ఒక పాత పౌడర్ డబ్బా వచ్చాయి. డబ్బాలో అంతా విరిగిన వెండే. జత తప్పిన పట్టగొలుసులు, అరిగిపోయిన మెట్టెలు, మా మామయ్య చిన్నప్పటి మొలతాడు ముక్క, రెండుగా విరిగిన కడియం, కుంకుమ భరిణె మూత. వంటింటి కాటా మీద పెడితే మొత్తం 236 గ్రాములు తూగింది. ఇది 2025 జూన్ నాటి మాట. అప్పటికి కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. అమ్మ కూడా "అమ్మేయరాదూ, నీ బిడ్డ హాస్టల్ ఫీజుకన్నా పనికొస్తుంది" అంది.

ఊళ్లో ఒక పెద్ద షాపుకు తీసుకెళ్లాను. అబ్బాయి డబ్బా మూత తీసి ఒకసారి చూసి, "మేడం, ఇది పాత మాల్, అరవై టచ్ లెక్కన తీసుకుంటాం" అన్నాడు, అంటే నూటికి అరవై పాళ్లే వెండి అని. ఏది అరవై, ఏది ఎనభై అని అడిగితే, అన్నీ కలిపి కరిగించాకే తెలుస్తుందన్నాడు. ఒక్కో వస్తువు ఒక్కో కాలంలో, ఒక్కో చేతిలో తయారైంది. అన్నిటికీ ఒకే లెక్క కట్టడం నాకు నచ్చలేదు. డబ్బా సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాను.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. మూడేళ్లుగా ఆదివారాలు కొబ్బరి చిప్పలతో, దర్జీ దగ్గర మిగిలిన పట్టు ముక్కలతో, పాత తాళాల ఇత్తడి రేకులతో చెవిదిద్దులు, లాకెట్లు చేస్తున్నాను. పారేసేవాటితో మెడలో వేసుకునేంత అందమైనది చెయ్యొచ్చని తెలిశాక ఆ పని నన్ను వదల్లేదు. కానీ వెండిని ఎప్పుడూ ముట్టుకోలేదు. మంటతో చేసే పని చూసి నేర్చుకోవాలి, ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

మాది కరీంనగర్ కాబట్టి ఆ ఒక్కరు దొరకడం కష్టం కాలేదు. ఇక్కడి వెండి తీగ పనికి, అందరూ ఫిలిగ్రీ అంటారే దానికి, 2007లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఎలగందుల కోట కింద మొదలై కరీంనగర్‌కు చేరిందని ఆ పనివాళ్లు చెప్పుకుంటారు. మా పాత ఇంటి వీధిలో ఉండే ఒక పెద్దయ్య యాభై ఏళ్లు ఆ పని చేసి, చూపు తగ్గి మానేశాడు. మా అమ్మ మెట్టెలు ఆయన చేసినవే. డబ్బా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. "మేడం, మీరు చదువుకున్నోళ్లు, మీకెందుకు గీ కుంపటి పని" అన్నాడు. రెండో ఆదివారం కూడా వెళ్లేసరికి "మేడం" పోయి "బిడ్డా" అయింది.

మొదటి తప్పు నా తొందరతోనే జరిగింది. ఆయన లేని రోజు, ఆయన మనవడి సాయంతో, పట్టగొలుసుల్లో 80 గ్రాములు మూసలో వేసి కరిగించాను. వెండి 961.8 డిగ్రీల దగ్గర కరుగుతుందని ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను. కళ్లారా చూడటం అదే మొదలు. ముందు ముక్కలు ఎర్రబడతాయి, అంచులు మెత్తబడతాయి, ఉన్నట్టుండి అన్నీ ఒకదాంట్లోకి ఒకటి జారి, మూసలో ఒక్క అద్దం బిళ్లలా నిలబడతాయి. వెలిగారం (బోరాక్స్) పొడి చల్లితే మురికి అంతా పైకి తేలి గాజు జిగురులా పక్కకు తప్పుకుంటుంది. నూనె రాసి వేడిచేసిన అచ్చులో పోశాను. గడ్డ చల్లారాక చూస్తే తెల్లగా, ముచ్చటగా ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

మర్నాడు దాగలి మీద పెట్టి నాలుగు సుత్తి దెబ్బలు వేశానో లేదో, అంచు నుంచి లోపలికి పగులు పాకింది. ఎర్రగా కాల్చి, మళ్లీ కొట్టాను. రెండో పగులు. వెండి అంటే సాగాలి, మైనంలా వంగాలి. ఇది బెల్లం అచ్చులా విరుగుతోంది.

పెద్దయ్య ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పి, విరిగిన చోట గోటితో గీరి చూశాడు. "సీసం పడ్డది బిడ్డా" అన్నాడు. మిగతా పట్టగొలుసులు తీసి నాకు చూపించాడు. గొలుసు లంకెల మధ్య ఒకటి రెండు చోట్ల బూడిద రంగు మచ్చలున్నాయి. ఎప్పుడో తెగితే జాతరలోనో సంతలోనో ఎవరితోనో చవగ్గా అతికించుకున్న గుర్తులవి. అసలైతే వెండిని వెండి కలిసిన టంకంతోనే అతకాలి. పని తొందరగా కావాలని కొందరు రేడియో రిపేరుకు వాడే సీసం, తగరం అతుకు పెట్టేస్తారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. వెండితో కలిపి కరిగిస్తే, వెండి గట్టిపడేటప్పుడు దాని రేణువుల మధ్య పలచని పొరలా చేరి, సుత్తి పడగానే అక్కడ విడిపోతుంది. రెండు మూడు గ్రాముల అతుకు 80 గ్రాముల వెండిని పాడుచేసింది.

"కరిగిచ్చుడు ఆఖరి పని. ముందుగాల దేన్ల ఏమున్నదో చూసుకోవాలె" అన్నాడాయన. తర్వాత ఆరు నెలలు నేను చేసిందంతా ఈ మాట చుట్టూనే తిరిగింది. పాతవాటితో నగ చేయడం అంటే కరిగించి కొత్తది పోయడమే అనుకునేదాన్ని. ఇప్పుడు నా టైమ్‌లో సగానికి పైగా ఏరడానికే పోతుంది, ఆ సగమే నాకు ఎక్కువ ఇష్టం.

మిగిలిన 156 గ్రాములు నేల మీద తెల్ల గుడ్డ పరిచి పోసుకున్నాను. ముందు అయస్కాంతం పెట్టి చూశాను. మువ్వల లోపలి ఇనుప గుండ్లు లాగాయి. చాలావాటికి తుప్పు పట్టింది. తర్వాత ఒక్కో వస్తువుకు కనపడని చోట ఆకురాయితో చిన్న గాటు పెట్టి, గాజు పుల్లతో ఒక్క చుక్క నత్రికామ్లం వేశాను. ఇక్కడి అవుసలోళ్లు దాన్ని తేజాబు అంటారు. రాగి ఎక్కువుంటే చుక్క పచ్చబడుతుంది. దాని మీద ఉప్పునీటి చుక్క వేస్తే, వెండి ఉన్నచోట పెరుగు విరిగినట్టు తెల్లగా గడ్డ కడుతుంది. ప్రాక్టికల్స్‌లో ఉప్పులో క్లోరైడ్ ఉందో లేదో చూడటానికి పిల్లల చేత సిల్వర్ నైట్రేట్ పోయిస్తాం కదా, అదే చర్య. అక్కడ వెండితో ఉప్పును పట్టుకుంటాం, ఇక్కడ ఉప్పుతో వెండిని పట్టుకుంటాం. గ్లౌజులు, కళ్లజోడు లేకుండా, గాలి ఆడని గదిలో ఈ పని చెయ్యకూడదు. వేలి మీద పడితే పసుపు మచ్చ వారాల పాటు పోదు.

కడియం చుక్క వేయగానే పచ్చబడింది, ఉప్పునీళ్లకు ఏమీ తెల్లబడలేదు. అది జర్మన్ సిల్వర్. పేరులో సిల్వర్ తప్ప దాంట్లో ఉండేది రాగి, నికెల్, జింకు. 41 గ్రాములు అక్కడే పోయింది. అమ్మకు చెప్తే కాసేపు మాట్లాడలేదు. ఆ కడియం అమ్మమ్మ పెళ్లినాటిది. "మా నాయన దగ్గర అప్పుడు అంతే ఉండె కావచ్చు" అని మెల్లగా అంది. దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టి అమ్మకే ఇచ్చాను.

సీసం మచ్చలున్న లంకెలన్నీ, మచ్చకు రెండు పక్కలా ఇంకో లంకె కలుపుకుని కత్తిరించేశాను. అవి 22 గ్రాములు. చివరికి మంచివి 93 గ్రాములు మిగిలాయి. ఈ 93 గ్రాములను కరిగించొద్దని అప్పుడే అనుకున్నాను.

సీసం కలిసినవి 102 గ్రాములు శుద్ధి చేయించక తప్పలేదు. అది ఇంట్లో చేసే పని కాదు. వెండి శుద్ధి చేసే ఒక చిన్న షెడ్డుకు వెళ్లి, దగ్గరుండి చూస్తానని అడిగాను. ఆమ్లంలో వెండి వేయగానే గోధుమరంగు పొగ లేచింది. అది నైట్రోజన్ డయాక్సైడ్, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. కుర్రాడు ముక్కుకు రుమాలు కట్టుకుని నిలబడ్డాడు, అంతే. ద్రవంలో రాగి పలక వేలాడదీశారు. నిమిషాల్లో పలక చుట్టూ బూడిద రంగు నాచులా వెండి పెరుగుతూ వచ్చి, బరువుకు జారి అడుగున చేరింది. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్న సమీకరణం అది. నేను కళ్లార్పలేదు. నీళ్లు మాత్రం నీలంగా మారాయి, వెండి స్థానంలోకి రాగి వచ్చింది కాబట్టి. ఆ నీళ్లు ఏం చేస్తారని అడిగితే, కుర్రాడు గుమ్మం ముందున్న మోరీ వైపు చెయ్యి చూపించాడు.

నా వెండి కోసం పుట్టిన నీళ్లను మోరీలోకి పోనివ్వలేకపోయాను. ప్లాస్టిక్ డబ్బాలో పట్టించుకుని కాలేజీ ల్యాబ్‌కు తెచ్చాను. తుప్పు పట్టిన మేకులు వేసి వారం ఉంచితే రాగి మేకుల మీద ఎర్రగా పేరుకుంది, నీలం పోయింది. మిగిలిన పులుపును సున్నంతో చంపి, అడుగున చేరిన మడ్డిని, అందులో సీసం ఉంటుంది కాబట్టి, ల్యాబ్ వ్యర్థాల డబ్బాలో వేశాను. పాత వస్తువు వాడుతున్నాం, ప్రకృతికి మేలు చేస్తున్నాం అని తేలిగ్గా అనుకుంటాం. ఆ షెడ్డు చూశాక ఆ మాట ఊరికే అనలేకపోతున్నాను. శుద్ధి చేయించాల్సిన వెండి ఎంత తక్కువుంటే అంత మంచిది. అది తగ్గేది మొదట ఏరే దగ్గరే.

102 గ్రాములకు 61 గ్రాముల శుద్ధ వెండి వచ్చింది. శుద్ధ వెండి మరీ మెత్తన, తేలిగ్గా సొట్ట పడుతుంది. వెయ్యిలో 925 పాళ్లు వెండి, 75 పాళ్లు రాగి ఉంటే గట్టిదనం వస్తుంది. లెక్క కడితే ఐదు గ్రాముల రాగి కావాలి. మోటార్ వైండింగ్ తీగ ఇంట్లో ఉంది కానీ దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది, కాలిస్తే విషపు పొగ. ఇల్లు కట్టినప్పుడు ఎర్తింగ్‌కు వాడగా మిగిలిన ఉత్త రాగి తీగ ముక్క దొరికింది, అది వేశాను. ఈసారి పెద్దయ్య పక్కనే కూర్చుని, మూసలో ఒక బొగ్గు ముక్క వెయ్యమన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నాకు తెలుసు. కరిగిన వెండి గాలిలోని ఆక్సిజన్‌ను తన ఘనపరిమాణానికి ఇరవై రెట్ల దాకా పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు దాన్ని తుంపర్లుగా ఉమ్మేస్తుంది. బొగ్గు ఆ ఆక్సిజన్‌ను ముందే తినేస్తుంది. ఆయన తండ్రి చెప్పింది, నేను పుస్తకంలో చదివింది, రెండూ అదే మూసలో కలిశాయి.

ఈ గడ్డ సాగింది. కొట్టి చదరపు కడ్డీ చేశాం. తర్వాత కమ్మచ్చు, అంటే వరసగా సన్నబడే రంధ్రాలున్న ఉక్కు పలక. తీగ కొన ఆకురాయితో సూదిగా చేసి, కొబ్బరినూనె రాసి, రంధ్రంలోంచి పటకారుతో లాగాలి. మూడు నాలుగు రంధ్రాలు దాటేసరికి తీగ బిరుసెక్కుతుంది. అప్పుడు చుట్ట చుట్టి, దీపం ఆర్పేసి, చీకట్లో ముదురు ఎరుపు కనపడేదాకా కాల్చి నీళ్లలో వెయ్యాలి. వెలుతురులో ఆ ఎరుపు కనపడదు, ఎక్కువ కాలిస్తే సన్న తీగ చుక్కగా కరిగిపోతుంది. నా భుజం వారం రోజులు పీకింది. చివరికి గుర్రపు వెంట్రుక కంటే కాస్త లావుగా తీగ దిగింది. రెండు తీగలు మెలిపెట్టి అణిస్తే అంచు ముత్యాలు పేర్చినట్టు కనిపిస్తుంది. మా ఊరి ఫిలిగ్రీ మెరుపంతా ఆ అంచులోనే ఉంది.

ఇక గాజులు. 2007లో నా శ్రీమంతానికి వేసిన ఆకుపచ్చ మట్టిగాజులు తొమ్మిది మిగిలాయి, సగం విరిగినవే. 2.4 సైజు. ఇప్పుడు నా చేతికి ఎక్కవు. మా అమ్మ గాజు పగిలింది అనదు, పెరిగింది అంటుంది. వీటి ముక్కలను వెండి లాకెట్‌లో పొదుగుదామన్న నా ఆలోచన మా మేనత్తకు చెప్పినప్పుడు ముఖం మాడ్చుకుంది. "పెరిగిన గాజులు మెడల ఏసుకుంటారే? పైంగ కాళ్లకు పెట్టిన ఎండి మెడల ఎట్లేస్తవ్?" అని గట్టిగానే అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఆమె మాటను కొట్టిపారేసే మనిషిని కాదు నేను. ఆ ఆదివారం పెద్దయ్యను అడిగాను. ఆయన ఊదుగొట్టం పక్కన పెట్టి, "అగ్గిల పడి ఎర్రగైనంక దానికి కాలు లేదు, మెడ లేదు బిడ్డా. గా అమ్మకు చెప్పు" అన్నాడు. చెప్పాను. అత్త ఒప్పుకోలేదు గానీ, మళ్లీ అడ్డు చెప్పలేదు.

గాజు ముక్కలను మంటలో వంచుదామని చూస్తే రెండు చిట్లిపోయాయి. రెండు గాజులను కరిగించి కలిపితే కలిశాయి, తెల్లారేసరికి అతుకు దగ్గర విడిపోయాయి. ఒక్కో గాజు వేడికి ఒక్కోలా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు ఒకదాన్నొకటి లాగేసుకుంటాయి. అందుకని మంట మానేసి, వాటి వంపునే డిజైన్‌గా తీసుకున్నాను. ఒకదాని కింద ఒకటి ఐదు వంపులు పెడితే చెరువులో అలల్లా కుదిరాయి. అంచులను నీళ్ల గిన్నెలో ముంచి, ముందు 220 నంబరు, తర్వాత 400, 600, 1200 గరుకు కాగితాలతో అరగదీశాను. పొడిగా అరగదీస్తే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది, నీళ్లు తప్పనిసరి. గాజు మీది బంగారు రంగు చుక్కలు చాలావరకు రాలిపోయాయి. ఒక ముక్క మీద మూడు చుక్కలు మిగిలాయి, ఆ ముక్కను పైన పెట్టాను.

మామిడి పిందె ఆకారంలో లావు తీగతో చట్రం, లోపల సన్న తీగ చుట్టలు. అతికేముందు చుట్టలు కదలకుండా ఉండటానికి పెద్దయ్య గురివింద గింజను రాయి మీద నీళ్లతో అరగదీసి, గంధంలా రాయించాడు. చితికిన గురివింద విషం, గ్లౌజులతోనే ముట్టుకున్నాను. టంకం కూడా ఆయనే చెప్పి చేయించాడు. రెండు పాళ్లు వెండి, ఒక పాలు ఇత్తడి కరిగించి, ఆకురాయితో పొడి చేసి వెలిగారంతో కలపడం. బజారులో దొరికే కేడీఎం టంకం సులువుగా కరుగుతుంది, కానీ దాంట్లో ఉండేది కాడ్మియం. ఆ పొగ పీల్చి పాడైనవాళ్లను ఆయన చూశాడు.

ఊదుగొట్టం నాకు రెండు నెలలు పట్టింది. ముక్కుతో గాలి పీల్చుకుంటూనే బుగ్గల్లోని గాలిని ఆగకుండా ఊదాలి. ఊపిరి తెగితే మంట తెగుతుంది, టంకం సగంలో ఆగుతుంది. అది వచ్చిన రోజు, పొడి టంకం ఒక్కసారిగా మెరిసి నీళ్లలా అతుకుల్లోకి పరుగెత్తడం చూశాను. అంత సన్న పనిలో మన ఊపిరే మంటగా మారడం ఎంత బాగుంటుందో చెప్పలేను.

నల్లబడ్డ నగను పటిక వేసిన వేడి నీళ్లలో నానబెడితే తెల్లబడాలి. నాది గులాబీ రంగులోకి తిరిగింది. ఇనుప పటకారుతో తీశాను మరి. ఇనుము తగిలితే నీళ్లలో కరిగిన రాగి వచ్చి వెండి మీద పూత పడుతుంది. మేకులతో రాగిని పట్టిన మనిషిని, ఇది ముందే తోచాల్సింది. మళ్లీ కాల్చి, కొత్త పటిక నీళ్లలో వేసి, వెదురు పుల్లతో తీశాను. కుంకుడు రసంతో రుద్దితే తళతళలాడింది. గాజు ముక్కలు అన్నిటికంటే ఆఖరున, మంట పని అంతా అయ్యాక, వెండి పళ్లు వంచి బిగించాను.

గొలుసుకు మాత్రం అమ్మమ్మ పట్టగొలుసుల లంకెలే వాడాను, అదే 93 గ్రాముల్లోంచి. మధ్యలో తీసేసిన చోట్ల కొత్త తీగతో లంకెలు చుట్టి కలిపాను. పాత లంకెలు లోపలి వైపు అరిగి సగం సన్నబడ్డాయి. అమ్మమ్మ ఎన్ని వేల అడుగులు వేస్తే అంత అరిగిందో. వాటికి పాలిష్ పెట్టలేదు.

తోటి లెక్చరర్లు చూసి తమకూ చెయ్యమంటున్నారు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ హాల్‌మార్క్‌తో హెచ్‌యూఐడీ నంబరు (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేయడం మొదలుపెట్టారు, అప్పటికి అది ఐచ్ఛికమే. నేను చేసిన దానికి అది లేదు కాబట్టి ఏ భాగంలో ఏముందో, ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద రాసి ఇస్తానని చెప్పాను. కొత్త భాగం 925. పాత లంకెల టచ్ నేను చెప్పలేను, అదీ రాస్తాను. ఒప్పుకున్నవాళ్లవి మాత్రమే తీసుకుంటాను, వాళ్ల డబ్బా వాళ్లే తెచ్చుకోవాలి.

నా ఆకురాయి రజను అంతా ఒక సీసాలో పడుతుంది. అవుసుల వీధిలో ఊడ్చిన దుమ్మును కూడా పారేయరు. దాన్ని కొనుక్కెళ్లి, కడిగి రవ్వలు తీసేవాళ్లున్నారు. ఆరు నెలల్లో నా సీసాలో నాలుగు గ్రాములు చేరింది.

ఈ సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు మెడలో వేశాను. అద్దం ముందు చాలాసేపు నిలబడింది. కొక్కెం దగ్గర నేను అతికిన ఒక్క మువ్వను వేళ్లతో పట్టుకుని ఊపి, "అమ్మా, ఇది మోగట్లేదేంటి?" అంది. తుప్పు పట్టిన ఇనుప గుండును నేనే తీసేశాను. రజను సీసాలోంచి చిటికెడు తీసి బొగ్గు మీద పెట్టి ఊదితే చిన్న గుండు అయింది. మువ్వ నోరు చాకు మొనతో కాస్త తెరిచి, లోపలికి వదిలి, మళ్లీ నొక్కేశాను. ఇనుప గుండుకున్నంత గట్టి చప్పుడు రాదు. మొన్న ఫోన్ చేసి, ల్యాబ్‌లో వంగినప్పుడల్లా మోగుతోందని, అయినా తీయనని చెప్పింది.